చేతులు వెనక్కి

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కంగారక్కకి కీడెంచడంలోనే పొద్దు గడిచిపోయేది, మేలు దాకా ఎప్పుడూ వచ్చేది కాదు. గాలికి తలుపు కొట్టుకుంటే దొంగ. మొగుడు రావడం ఆలస్యమైతే లారీ బోల్తా. పిల్ల తుమ్మితే ఊపిరితిత్తులు. మరమగ్గాల షెడ్డులో ఆమెకి ఆ పేరు ఊరికే రాలేదు. పక్క మగ్గం మీద పనిచేసే పెద్దక్క "ఇటు చూడు" అని చెయ్యి ఊపితే చాలు, ఇంటి నుంచి ఏ కబురు వచ్చిందోనని ఆమె మగ్గం వదిలేసి పరిగెత్తేది.

చెయ్యి ఊపడం ఎందుకంటే, ఆ షెడ్డులో నోటితో చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. వరసకి వరస మగ్గాలు ఒక్కసారిగా మోగుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. కొత్తగా చేరిన పిల్ల పోగు ముడి వెయ్యడంతో పాటే అదీ నేర్చుకుంటుంది. రెండు వేళ్ళు కలిపి విడదీస్తే పోగు తెగింది. ముక్కు కింద వేలితో మీసం గీస్తే మేస్త్రీ వస్తున్నాడు. బొటనవేలు పెదవికి ఆనిస్తే దాహం. పొత్తికడుపు దగ్గర తడిబట్ట పిండినట్టు పిడికిళ్ళు తిప్పితే కడుపునొప్పి, ఈ పూట నా మగ్గం కూడా కాస్త చూడవే అని. మొగుళ్ళ మీద చాడీలు, అత్తల మీద ఫిర్యాదులు, మాడిన కూర సంగతులు, అన్నీ ఆ చేతుల మీదే నడిచేవి. మేస్త్రీకి ఒక్క ముక్క తెలియదు. తన ఎదురుగానే తనని తిట్టిపోస్తుంటే, పని జోరుగా సాగుతోందని తలాడించుకుంటూ పోయేవాడు.

కంగారక్క కూతురికి పేరు పెట్టింది కూడా ఆ ఆడవాళ్ళే. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలా పొత్తిళ్ళలో గుండ్రంగా, గట్టిగా చుట్టుకుని ఉండేదని కండె అన్నారు. అదే నిలిచిపోయింది. షెడ్డుని ఆనుకుని పసిపిల్లల గది ఒకటుంది, మధ్యలో పెద్ద అద్దాల కిటికీ. కండె అక్కడే పెరిగింది. ఏడాది నిండినా చప్పుడుకి తల తిప్పకపోతే, ప్రతిదానికీ హడలిపోయే కంగారక్క ఆ ఒక్కదానికి మాత్రం భయపడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఈ మోతలో పడుకున్న పిల్ల, చప్పుడు అలవాటైపోయింది, అందుకే ఉలిక్కిపడదు అనుకుంది. షెడ్డులో అందరూ అదే అనుకున్నారు. అలా అనుకోవడంలోనే మరో ఏడాది పోయింది. చివరికి డాక్టరు, పిల్లకి పుట్టుకతోనే వినికిడి లేదని చెప్పాడు. చెవి మిషను పెడితే ఏదో కాస్త మోత తెలుస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దన్నాడు.

కంగారక్క ఏడ్చిన ఏడుపుకి లెక్కలేదు. కానీ ఆమె ఏడుస్తుండగానే కండె మాట్లాడడం మొదలుపెట్టింది. ఒకరోజు మేస్త్రీ షెడ్డులోకి అడుగుపెట్టగానే, అద్దం అవతల నిలబడిన పిల్ల ముక్కు కింద వేలితో మీసం గీసింది. ముందు పెద్దక్క చూసింది. తర్వాత వరసంతా చూసింది. మగ్గాలు వదిలేసి ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతుంటే మేస్త్రీ తన చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు.

ఆ తర్వాత ఆ చేతులకి అడ్డూ ఆపూ లేదు. బడి ఈడు వచ్చేసరికి కండె చేతులతో చెప్పలేని సంగతి లేదు. నాన్న గురక పెట్టాడని, పక్కింటి పిల్లి కుంటుతోందని, ఇస్త్రీ చేస్తూ చొక్కా కాల్చింది నువ్వే, నాన్నకి చెప్పేస్తానని. "అమ్మా తల్లీ, కాసేపు చేతులు మూసుకోవే" అనేది కంగారక్క. వాళ్ళాయన నవ్వేవాడు. "నోరున్న పిల్ల అయ్యుంటే మనం బతికేవాళ్ళం కాదు!"

బడికి తీసుకెళ్ళినప్పుడు హెడ్‌మాస్టరమ్మ మర్యాదగానే కూర్చోబెట్టింది.

"మేం కాదనడం లేదమ్మా. కాదనకూడదని చట్టమే ఉంది. ఎలాంటి పిల్లనైనా చేర్చుకోవాల్సిందే."

"మీ కడుపు చల్లగుండ! రేపటి నుంచి పంపమంటారా అండీ?"

"పంపుదురుగాని. కాకపోతే నాలుగు మాటలైనా రావాలి కదా. రేపు దాహం వేస్తే ఏం చెబుతుంది?"

"చెబుతుందండీ, ఇదిగో, ఇలా..." కంగారక్క బొటనవేలు పెదవికి ఆనించి చూపించింది.

"అది మీకు తెలుసు. నాకు తెలియదుగా? మీ మిల్లు సైగలు ఇక్కడెవరికొచ్చు? క్లాసు నిండా పిల్లలు, నేనూ ఇంకో టీచరూ. చేతులతో చెప్పడం నేర్చిన టీచరు కావాలని రాసి రాసి నా చెయ్యి నొప్పెడుతోంది. మాటలు వచ్చాక తీసుకురండి. సీటు ఎక్కడికీ పోదు."

కాదనలేదు. రమ్మననూ లేదు. దారి పొడుగునా కంగారక్క ఆ మాటల్లో ఎక్కడైనా మేలు దొరుకుతుందేమోనని వెతికింది. ఈలోగా కండె ఆమె కొంగు లాగి, ఆ హెడ్‌మాస్టరమ్మ ముక్కు మీద పుట్టుమచ్చ గురించి చేతులు తిప్పుతూ ఏదో చెప్పి నవ్వుతూనే ఉంది.

ఆస్పత్రిలో మాటల గది అని ఒకటుంది. అక్కడి టీచరమ్మ చిన్నది, మంచి మనిషి. కండెని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గ్లాసు చూపించి, ఇది కావాలంటే ఏం చేస్తావని అడిగింది. కండె టక్కున బొటనవేలు పెదవికి పెట్టింది. కంగారక్క మురిసిపోయింది.

"అదేనమ్మా చిక్కు" అంది టీచరమ్మ. "చేతులతో పనైపోతుంటే నోరెందుకు తెరుస్తుంది? ఈ చేతులు మాట్లాడినంత కాలం ఆ నోరు మాట్లాడదు. ఇంట్లో కూడా ఆపెయ్యండి. చెయ్యి ఎత్తితే చూసీ చూడనట్టు ఉండండి. చేతులు వెనక్కి పెట్టుకుంటేనే చూడండి, ముద్దు చెయ్యండి."

"అస్సలు చూడకూడదా అమ్మా?"

"కష్టమే. కానీ పిల్ల బాగు కోసమే కదా."

షిఫ్టు వదిలాక గేటు బయట పెద్దక్క ఆ మాట విని ఆగిపోయింది. "దాని నోరు చేతుల్లోనే ఉందే! కుట్టేస్తానంటావా?"

"నువ్వూ నేనూ ఉన్నన్నాళ్ళే అక్కా ఈ చేతులు. రేపు మనం పోతే? లోకంలో దానితో ఎవరు మాట్లాడతారు చెప్పు."

"రేపు ఎవరో మాట్లాడతారని ఇవాళ నువ్వు మానేస్తావా?"

"చదువుకున్నామె చెప్పింది. నాకేం తెలుసు? నేను చెయ్యలేదనుకో, దానివల్లే పిల్ల మూగదైపోయిందనుకో, అప్పుడు నా గతేంటి?"

పెద్దక్క ఇంకేదో అనబోయి, "నీ భయం నిన్ను తినదే, ఇంకెవర్నో తింటుంది" అని వెళ్ళిపోయింది.

కంగారక్క ఏ పని చేసినా పట్టిన పట్టు విడవదు. డాక్టరు పథ్యం చెబితే మెతుకు తేడా రానివ్వదు. ఇదీ అలాగే చేసింది. ముందు పిల్లని షెడ్డు గదికి తీసుకెళ్ళడం మానేసింది. అక్కడుంటే అద్దంలోంచి ఆ చేతులన్నీ కనబడతాయి. పగలు పక్కింటి ముసలామె దగ్గర వదిలేది. ఇంట్లో కండె చెయ్యి ఎత్తగానే మొహం తిప్పేసుకునేది.

పిల్ల మొదట ఆట అనుకుంది. అమ్మ అటు తిరిగితే అటు పరిగెత్తి ఎదురుగా నిలబడి మళ్ళీ చెప్పింది. అమ్మ ఇటు తిరిగింది. కండె నవ్వుతూ ఇటు వచ్చింది. నాలుగుసార్లు అయ్యాక నవ్వు పోయింది. రెండు చేతులతో అమ్మ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. కంగారక్క కళ్ళు మూసుకుంది. ఆ చిన్న వేళ్ళు ఆమె రెప్పలు పైకి లాగడానికి చూశాయి. గోళ్ళు గుచ్చుకున్నాయి. ఆమె తెరవలేదు.

"అది నాతో ఏదో చెబుతోందే!" అన్నాడు వాళ్ళాయన. "నేను గోడ చూస్తూ కూర్చోవాలా?"

"చూడు. గోడే చూడు. బడికి పోవాలా వద్దా అది?"

ఆయన గోడ చూశాడు. పగలంతా బస్తాలు మోసి వచ్చిన మనిషి, కూతురి కబుర్లే ఆయనకి కాలక్షేపం. అలా గోడ చూస్తూనే అన్నం తిని పడుకునేవాడు.

కొన్నాళ్ళు కండె గిన్నెలు విసిరింది, నేలకేసి తల కొట్టుకుంది. తర్వాత ఒకనాటి నుంచి మానేసింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడితే అమ్మ చూస్తుంది, ఎత్తుకుంటుంది, ముద్దు పెడుతుంది. చేతులు ముందుకొస్తే అమ్మ మాయమైపోతుంది. తెలివైన పిల్ల. తొందరగానే నేర్చుకుంది.

మాటల గదిలో టీచరమ్మ పిల్ల అరచేతిని తన గొంతు మీద పెట్టించుకుని చెప్పిందే చెప్పేది. వానలు వెలిసే వేళకి కండె నోట్లోంచి ఒక మాట వచ్చింది. దూడ అరిచినట్టు, ముక్కుతో, బండగా.

"అంమ."

కంగారక్క అక్కడే కూలబడి ఏడ్చింది. టీచరమ్మ కళ్ళు కూడా తడిశాయి. బయట వరసలో కూర్చున్న తల్లులు లోపలికి తొంగిచూసి, మా పిల్లలకీ ఎప్పటికొస్తుందో అనుకున్నారు. హెడ్‌మాస్టరమ్మ విని, "చూశారా మరి! వచ్చే సోమవారం తీసుకురండి" అంది.

ఆ వారం ఇల్లు ఇల్లులా లేదు. గౌను కుట్టించారు, బూట్లు కొన్నారు. కండె చేత రోజూ ఆ మాట అనిపించడం, ముద్దు పెట్టడం. శుక్రవారం పొద్దున కంగారక్క పొయ్యి దగ్గర ఉండగా వెనకనుంచి వినబడింది.

"అంమ."

ఎవరూ అడక్కుండానే! తిరిగి చూస్తే కండె గుమ్మంలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. కంగారక్క పరిగెత్తి ముద్దు పెట్టింది. "మళ్ళీ చెప్పు బంగారం."

"అంమ."

ఇంకోసారి. మరోసారి. వాళ్ళాయన చొక్కా వేసుకుంటూ నవ్వాడు. "ఇవాళేంటే, దీనికి మాటలు పొంగి పొర్లుతున్నాయి!" కంగారక్క బయల్దేరుతుంటే కూడా పక్కింటి గుమ్మం దాకా వచ్చి, కాస్త ముందుకి వంగి నిలబడి, అదే మాట అంది. ఆమె సందు చివర్నుంచి తిరిగి చూసి చెయ్యి ఊపబోయి, గుర్తొచ్చి, మానుకుంది.

షెడ్డులో ఆ రోజు కంగారక్క మగ్గం మీద పోగు తెగినా చిరాకు పడలేదు. పెద్దక్కకి చేతులతో చెప్పింది, పిల్ల దానంతటదే పిలిచిందని, పొద్దున్నుంచీ పిలుస్తూనే ఉందని.

పెద్దక్క చేతులు అడిగాయి. ఎందుకు? ఏం కావాలని?

ఏం కావాలని ఏంటి అక్కా, మాట వచ్చిందంటుంటే, అన్నాయి కంగారక్క చేతులు.

సాయంత్రం పిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. అన్నం తినలేదని చెప్పింది ముసలామె. ఒళ్ళు కాలుతోంది. జలుబు అనుకుని తడిగుడ్డ వేసింది కంగారక్క. ఆ తర్వాత మామూలుగానే ఆమెకి నూటెనిమిది రోగాలు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ కడుపుకి వచ్చేది కాదు. తెల్లవారేసరికి కండె గొంతు బొంగురుపోయింది. కళ్ళు తేలేసి, పెదవులు కదుపుతూ, అదే మాట అంటోంది. చేతులు రెండూ వీపు కింద ఉన్నాయి.

అప్పుడు తెలిసింది కంగారక్కకి, అది పిలుపు కాదని. ఆమె అరిచిన అరుపుకి వాళ్ళాయన చేతిలో చెంబు జారిపోయింది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రవాడు, కళ్ళ కింద నల్లగా ఉంది. "ఎక్కడ నొప్పమ్మా?" అని కండెని అడిగాడు. గట్టిగా ఇంకోసారి అడిగాడు.

"దానికి వినబడదు బాబూ."

"మరి ఎలా చెబుతుంది?"

"చేతులతో చెబుతుంది. అన్నీ చెబుతుంది. ఎంత బాగా చెబుతుందనుకున్నారు..."

"అడగండి మరి."

కంగారక్క మంచం మీదకి వంగి, ఎన్నో నెలల తర్వాత, కూతురి ముందు చేతులెత్తింది. ఎక్కడ? నొప్పి ఎక్కడ? కడుపా? తడిబట్ట పిండినట్టు పిడికిళ్ళు తిప్పింది. చెప్పవే. చేతులతో చెప్పు. చెప్పొచ్చు. చెప్పొచ్చమ్మా.

కండె ఆ చేతుల్ని చూసింది. అదే ఆస్పత్రి. చేతులు వెనక్కి పెట్టుకోవాల్సిన చోటు. ఒక్క క్షణం చూసి, గోడవైపు మొహం తిప్పేసుకుంది. ఇంట్లో అమ్మ ఎలా తిప్పుకునేదో అచ్చం అలాగే. కంగారక్క మంచం చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళింది. పిల్ల ఇటు తిరిగింది. ఆమె ఇటు వచ్చింది. గడ్డం పట్టుకుంది. పిల్ల కళ్ళు మూసుకుంది.

"పిల్లకి బుద్ధి ఎదిగిందా అమ్మా?" అన్నాడు డాక్టరు మెల్లగా. కడుపు మీద చెయ్యి వేసి నొక్కాడు.

"అంమ!"

"మాట వస్తోందిగా!" అంది పక్కనున్న నర్సు.

డాక్టరు మొహం మారింది. స్కానింగుకి రాశాడు. స్కానింగు గది ముందు జనం. మా పిల్లకి చెప్పుకోవడం రాదు బాబూ, కాస్త ముందు తీసుకోండి అని వాళ్ళాయన కనబడిన ప్రతివాడి చేతులూ పట్టుకున్నాడు. అందరూ నొప్పితోనే వచ్చారు. చెప్పగలిగినవాళ్ళ నొప్పి గట్టిగా వినబడుతోంది.

ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు సాయంత్రం బయటికొచ్చి, పేగు చివర తోకలా ఉండే అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకిందని చెప్పాడు. బతుకుతుందనే అనుకుంటున్నామన్నాడు. "కనీసం నిన్నటి నుంచైనా నొప్పి ఉండి ఉండాలే. పిల్ల చెప్పలేదా?"

"చెప్పింది బాబూ" అంది కంగారక్క. "నిన్న పొద్దున్నుంచీ చెబుతూనే ఉంది."

"మరి?"

"ముద్దు పెట్టాను."

డాక్టరుకి అర్థం కాలేదు. అలసిపోయి ఉన్నాడు, వెళ్ళిపోయాడు.

కండె బతికింది. చాలా రోజులు వార్డులో ఉండి, సగమై ఇంటికొచ్చింది. మాటల టీచరమ్మ చూడ్డానికొచ్చి మంచం చివర నిలబడింది. "మాకు నేర్పింది అదేనమ్మా" అంది. ఈమధ్య మాటల గదికి వచ్చిన పెద్ద టీచరు ఒకరు చేతులు ఆపొద్దు, రెండూ కలిపి నేర్పాలి అంటున్నారని కూడా చెప్పింది. ఆ మాట ఎందుకు చెప్పానా అన్నట్టు తలొంచుకుంది. కంగారక్కకి ఆమెని తిట్టాలనిపించలేదు. తిట్టడానికైనా లోపల ఏదో మిగిలుండాలి.

ఇప్పుడు ఇంట్లో అందరి చేతులూ తిరుగుతున్నాయి. కంగారక్క లేచింది మొదలు చెబుతుంది. మేస్త్రీ జారిపడ్డాడని, పక్కింటి పిల్లికి కూనలు పుట్టాయని. వాళ్ళాయన తన గురక తనే చేసి చూపిస్తాడు. పెద్దక్క ఆదివారం వచ్చి షెడ్డు కబుర్లన్నీ కుప్పపోస్తుంది. కండె వాళ్ళ చేతులకేసి చూస్తుంది, రోడ్డు మీద పోయే బండ్లని చూసినట్టు. ఒకసారి పెద్దక్క ఆ చిన్న చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని రెండు వేళ్ళు కలిపి విడదీయబోయింది. పిల్ల చేతులు లాక్కుని వెనక్కి పెట్టుకుంది. ముద్దు కోసం మొహం ఎత్తింది.

పెద్దక్క బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంది. తనని తిట్టిపోస్తే బాగుండుననుకుంది కంగారక్క.

హెడ్‌మాస్టరమ్మ మాట తప్పలేదు. సీటు ఎక్కడికీ పోలేదు. కుట్టు మానాక కండెని బడిలో వేశారు. పదిరోజులు పోయాక కంగారక్క షిఫ్టు మార్చుకుని, పిల్ల ఎలా ఉందో అడుగుదామని వెళ్ళింది.

"మీ పిల్లా? బంగారం అమ్మా!" అంది హెడ్‌మాస్టరమ్మ. నిజంగానే అంది. "ఇలాంటి పిల్లలు క్లాసుకి పదిమంది ఉంటే మాకు జీతం తీసుకోవడానికి సిగ్గేస్తుంది. కదలదు, మెదలదు."

"నీళ్ళు అడుగుతోందా అండీ?"

"ఏమీ అడగదు. అదే చెబుతున్నా, అస్సలు ఇబ్బంది పెట్టదు. రండి, చూద్దురుగాని."

కిటికీలోంచి చూసింది కంగారక్క. చివరి బెంచీ మూలన కండె కూర్చుని ఉంది. బల్ల మీద పలక ఉంది, బలపం ఉంది. చేతులు బెంచీ వెనక ఉన్నాయి. టీచరు బోర్డు మీద ఏదో రాస్తూ, పిల్లలవైపు వీపు పెట్టి, చదివి చెబుతోంది. మిగతా పిల్లలు గొంతెత్తి అంటున్నారు. కండె టీచరు వీపుకేసి చూస్తోంది.

పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అది ఎండా, దాహమా, జ్వరమా? కంగారక్క గుండె ఎప్పటిలాగే అన్నిటికన్నా పెద్ద కీడుని పట్టుకుంది. హెడ్‌మాస్టరమ్మ పక్కనే ఉందని కూడా చూడకుండా కిటికీ చువ్వల మధ్యనుంచి చేతులు లోపలికి చాపి ఊపింది. కండె చూసింది. బొటనవేలు పెదవికి ఆనించి అడిగింది తల్లి. దాహమా? నీళ్ళు కావాలా?

కండె లేచి నిలబడింది. చేతులు వెనక్కి గట్టిగా పట్టుకుని, మెడ నరాలు పొంగేలా నోరు తెరిచింది.

"అంమ."

"ఎంత స్పష్టంగా అందో చూశారా!" అని హెడ్‌మాస్టరమ్మ చప్పట్లు కొట్టింది. పిల్లలందరూ వెనక్కి తిరిగి చూసి వాళ్ళూ కొట్టారు. కండెకి ఆ చప్పుడు తెలియదు. ఆ గదిలో ఇన్ని చేతులు ఒక్కసారిగా గాల్లోకి లేవడం మాత్రమే చూసింది. చూసి, చేతులెత్తిన తప్పు తనది కాదన్నట్టు, చటుక్కున మొహం గోడవైపు తిప్పేసుకుంది.